తాళం వేసిన ఇంటికి బీమా రాదన్న ఏజెంటు మాట సగమే నిజం

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా, నరసన్నపేట దగ్గర పల్లెటూరు. నేను బెంగళూరులో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. 2022లో నాన్న బ్యాంకు లోను తీసుకుని పాత పెంకుటింటి ముందర రెండు గదుల శ్లాబు ఇల్లు కట్టారు. అప్పుడే బ్యాంకువాళ్లు పదేళ్లకి 'భారత్ గృహ రక్ష' అనే పాలసీ చేయించారు. మరుసటి ఏడు నాన్న పోయారు. ఈ సంక్రాంతి అయ్యాక అమ్మని నా దగ్గరికి తెచ్చేసుకున్నాను, అప్పట్నుంచి ఇల్లు తాళమే. వినాయక చవితికి చిన్నాన్న తలుపు తీసి దీపం పెట్టాడు, అప్పటికి అంతా బాగానే ఉందట. దసరా ముందు ఫోన్ చేసి, వీధి గుమ్మం కింద నుంచి నీళ్లు కారుతున్నాయన్నాడు. నేను పరుగున వెళ్లి చూస్తే మేడ మీద ట్యాంకులో ఫ్లోటు విరిగిపోయి, పంచాయతీ కుళాయి నీళ్లు వచ్చినప్పుడల్లా ట్యాంకు పొంగి, మెట్ల గదిలోంచి లోపలికి దిగాయి. పరుపులు, టేకు మంచం, బీరువా, స్విచ్చు బోర్డులు పోయాయి. ఇంకో దెబ్బ ఏమిటంటే పెరటి తలుపు గొళ్లెం ఊడబెరికి ఉంది. అటక మీది ఇత్తడి గంగాళం, బిందెలు లేవు, బయట బోరు మోటారు వైరు కూడా లేదు. వెనక పెంకుటింటి పెంకులు కోతులు పీకేస్తే వాసాలు నాని ఒక గోడ ఒరిగింది. ఏజెంటుని అడిగితే "ఇల్లు నెల దాటి ఖాళీగా ఉంటే బీమా వర్తించదండీ" అనేశాడు. నిజమేనా? ఇంకేమైనా దారి ఉందా? అన్నట్టు భామిని వైపు మా బావగారిది ఏనుగుల భయం. వాళ్ల ఇంటికి బీమా చేయించుకుంటే ఏనుగు కూల్చిన గోడకి డబ్బులొస్తాయా అని ఆయన అడగమన్నారు.

సమాధానం:

మీ ఏజెంటు అబద్ధం చెప్పలేదు, కాని మొత్తం చెప్పలేదు. ఇరవై ఏళ్లకు పైగా విజయనగరంలో ఉంటూ ఈ రెండు జిల్లాల్లో బీమా సర్వేయర్‌గా, అంటే కంపెనీ తరఫున నష్టం చూసి లెక్కగట్టేవాడిగా తిరిగినవాణ్ణి, ఇలా తాళాలు వేసిన ఇళ్లు ఎన్ని చూశానో లెక్క లేదు. ఉద్దానంలో కొన్ని వీధుల్లో పది గుమ్మాలుంటే ఆరింటికి తాళాలే, హైదరాబాదు, ముంబయి, పోర్ట్ బ్లెయిర్ వెళ్లినవాళ్లవి. సంక్రాంతికి ముగ్గులు పడతాయి, కనుమ మర్నాటికి మళ్లీ తాళాలు. అలాంటి ఇంటికి నష్టం జరిగితే కంపెనీకి మొదట వచ్చే అనుమానం "ఇల్లు ఖాళీగా ఉందా" అని కాదు. "ఇది ఎప్పుడు జరిగింది? దేనివల్ల జరిగింది?" అని. ఈ రెండిటికీ జవాబు చెప్పగలిగితే మీ కేసు నిలబడుతుంది. చెప్పలేకపోతే ఇంట్లో మనుషులున్నా నిలబడదు. కాకపోతే ఇంట్లో మనిషి ఉంటే ఎప్పుడు జరిగిందో ఆ మనిషే చెబుతాడు, ఖాళీ ఇంట్లో చెప్పేవాడు ఉండడు, అంతే తేడా.

ముందు ఆ నెల రోజుల సంగతి. పాత అగ్ని బీమా పాలసీల్లో ఈ షరతు నేరుగా ఉండేది: ఇల్లు 30 రోజులకు మించి ఎవరూ ఉండకుండా వదిలేస్తే, నష్టం జరగక ముందే కంపెనీకి చెప్పి దాని ఒప్పుదల పాలసీ మీద రాయించుకోకపోతే, ఆ ఇంటికి బీమా ఆగిపోతుంది. మీ ఏజెంటు నోట వచ్చింది ఈ వాక్యమే. ఇందులో "రాయించుకోకపోతే" అన్న ముక్క ఒకటుందని చూశారా, దాన్ని ఎవరూ చెప్పరు. ఒక కాగితం రాసి ఇచ్చి, ఎండార్స్‌మెంటు, అంటే పాలసీ మీద ఆ ఒప్పుదల రాత, తీసుకుంటే ఖాళీ ఇంటికి కూడా బీమా నడుస్తుందన్నమాట. ఇక మీది 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని కంపెనీలూ ఒకే రకంగా అమ్మాల్సి వచ్చిన కొత్త పాలసీ. దాని బాండు బ్యాంకులోనే ఉండి ఉంటుంది, మీరు చూసి ఉండరు, ఎవరూ చూడరు. బ్యాంకుకి వెళ్లి షరతుల పుస్తకంతో సహా కాపీ తీసుకుని, ఇంట్లో ఎవరూ నివసించకపోవడం గురించి అందులో ఏ మాటలున్నాయో మీరే చదవండి. ఏజెంటు మాటని బట్టి క్లెయిము వేయడం మానుకోవద్దు. క్లెయిము ఒప్పుకోవాలా వద్దా అన్నది కంపెనీ నిర్ణయం, అది కూడా కారణం చూపిస్తూ రాతపూర్వకంగా చెప్పాలి. ఏజెంటు ఫోన్‌లో "రాదండీ" అంటే అది తిరస్కరణ కాదు, ఊరికే అభిప్రాయం.

చిన్నాన్న చవితికి వెళ్లి దీపం పెట్టాడు కదా, దాంతో ఇల్లు ఖాళీ కాదని వాదించొచ్చా అని మీకు ఆశ పుట్టి ఉంటుంది. వద్దు. నివాసం అంటే పడుకోవడం, వండుకోవడం. సర్వేయర్ మీ ఈపీడీసీఎల్ కరెంటు బిల్లులు తీసుకుని నెలకి ఎన్ని యూనిట్లు తిరిగాయో చూస్తాడు, నేనూ అదే చూసేవాణ్ణి. మీటరు తిరగని ఇంట్లో మేమున్నామని చెబితే, ఆ ఒక్క మాటతో మిగతా నిజాలు కూడా అబద్ధాలైపోతాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆ దీపం ఇంకో రకంగా పనికొస్తుంది. చవితి నాటికి ఇల్లు పొడిగా ఉందని చూసిన మనిషి ఉన్నాడు కాబట్టి, నీళ్లు పొంగింది చవితికీ దసరాకీ మధ్యనే అని మీరు తేదీలు కట్టి చూపించగలరు. ఏడెనిమిది నెలల్లో ఎప్పుడో జరిగింది అనే నష్టానికీ, ఈ కొద్ది వారాల్లో జరిగింది అనే నష్టానికీ చాలా తేడా ఉంది. చిన్నాన్న చేత ఒక తెల్ల కాగితం మీద ఆ సంగతి రాయించి సంతకం పెట్టించండి.

ఇప్పుడు మీ నష్టాన్ని ఒక్క ముద్దగా చూడకండి. మీకది ఒక్క విపత్తు, పాలసీ లెక్కలో మూడు వేర్వేరు ఘటనలు. మూడిటికీ మూడు జవాబులున్నాయి.

నీళ్ల సంగతి మీకు బలమైనది. భారత్ గృహ రక్షలో నిప్పు, పిడుగు, తుపాను, వరద, భూకంపం లాంటివాటితో పాటు నీళ్ల ట్యాంకులు, పైపులు పగలడం లేదా పొంగడం వల్ల జరిగే నష్టం కూడా పాలసీలోనే ఉంది, అదనంగా కొనక్కర్లేదు. చాలామందికి ఈ సంగతి తెలియక ఇంటి బీమా అంటే మంటలకే అనుకుంటారు. మీ ట్యాంకు పొంగింది, సందేహం లేదు. కంపెనీ ఎత్తిచూపే అభ్యంతరాలు రెండు: ఒకటి ఇల్లు ఖాళీ అన్నది, రెండోది ఇది ఒక్కసారిగా జరిగింది కాదు, రోజులు రోజులు కొద్దికొద్దిగా చెమ్మ దిగి పాడైంది అన్నది. ఎందుకంటే మెల్లగా జరిగే పాడు, అంటే చెమ్మ, పాచి, చెదలు, తుప్పు, అరుగుదల, ఏ ఇంటి బీమాలోనూ రాదు. అందుకే ఫ్లోటు విరిగిందని నిరూపించడం ముఖ్యం. దయచేసి ఆ విరిగిన ఫ్లోటు పారేయకండి, ఒక కవర్లో వేసి దాచండి. ప్లంబర్ చేత ఏ భాగం ఎలా విరిగింది, నీళ్లు ఏ దారిన లోపలికి వచ్చాయి అన్నది రాయించి, ఫోన్ నంబరుతో సంతకం తీసుకోండి. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇంత చిన్న ప్లాస్టిక్ ముక్క దాచినవాళ్ల క్లెయిములు తేలిగ్గా పరిష్కారమయ్యేవి. కొత్త ఫ్లోటు బిగించేసి పాతది చెత్తలో పడేసినవాళ్లవి నెలల తరబడి సాగేవి. ఆ ఫ్లోటు ఖరీదు మాత్రం మీరే పెట్టుకోవాలి, పాడైన వస్తువు పాడైనందుకు కాదు బీమా, అది పాడై ఇంకోదాన్ని పాడుచేసినందుకు.

స్విచ్చు బోర్డుల దగ్గర ఒక మెలిక ఉంది. కరెంటు వస్తువు షార్ట్ సర్క్యూట్ అయి తనంతట తాను కాలిపోతే ఆ వస్తువు ఖరీదు రాదు, అది మినహాయింపు. కాని మీ బోర్డులు నీళ్లు పడి పోయాయి. కాబట్టి క్లెయిము ఫారంలో "షార్ట్ సర్క్యూట్ అయింది" అని అలవాటుగా రాసేయకండి, "ట్యాంకు పొంగిన నీళ్ల వల్ల తడిసి పాడయ్యాయి" అని జరిగింది జరిగినట్టు రాయండి. ఎలక్ట్రీషియన్ రాసిచ్చే కాగితంలో కూడా ఆ మాటే ఉండేలా చూసుకోండి, నిజం అదే కాబట్టి.

సామాన్ల సంగతి. బ్యాంకు చేయించిన పాలసీ కదా, గోడలకే అనుకుంటున్నారేమో. ఈ పాలసీలో ఇంటి బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా, సామాన్లకి దానంతట అదే కవర్ ఉంటుంది. ఇంటికి 18 లక్షలు రాసి ఉంటే మంచాలు, బీరువా, పరుపులకి 3 లక్షల 60 వేల దాకా అన్నమాట. బ్యాంకు ప్రత్యేకంగా వద్దని రాయించి ఉంటే తప్ప ఇది ఉంటుంది, బాండులో చూసుకోండి. ఇంకో మంచి సంగతి ఏమిటంటే ఇందులో తక్కువ బీమా కోత లేదు. పాత పాలసీల్లో ఇంటి విలువ 20 లక్షలుండి మీరు 10కే బీమా చేస్తే, లక్ష నష్టానికి యాభై వేలే చేతిలో పెట్టేవాళ్లు. ఆ పద్ధతి ఇక్కడ తీసేశారు. ఏడాదికి 10 శాతం చొప్పున బీమా మొత్తం దానంతట అదే పెరుగుతుంది కూడా.

రెండోది దొంగతనం. ఇక్కడ మీకు తీపి కబురు చెప్పలేను. ఈ పాలసీలో మామూలు దొంగతనం లేదు. తుపానో మంటో లాంటి బీమా ఉన్న ఘటన జరిగి, దానివల్లే, ఏడు రోజుల్లోపు దొంగలు పడితేనే వస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి పలాస, వజ్రపుకొత్తూరు, మందస వైపు కప్పులు, తలుపులు ఎత్తుకుపోయినప్పటికి ఈ పాలసీ ఇంకా రాలేదు. ఇప్పుడు అలాంటి తుపాను వచ్చి దొంగలు పడితే ఈ దారి ఉంది, కాని యజమాని ఎక్కడో ముంబయిలో ఉండి పది పన్నెండు రోజులకి రైలు దిగితే సామాను మొదటి వారంలో పోయిందా తర్వాత పోయిందా అని ఎవరు చెబుతారు? మళ్లీ అదే చిక్కు, తేదీ. మీ విషయంలో దొంగతనానికీ ట్యాంకుకీ సంబంధం కనిపించడం లేదు, గొళ్లెం ఊడబెరికింది దొంగలే, నీళ్లు కాదు. బోరు వైరు అయితే ఇంటి బయటిది, బయట ఉన్న వస్తువులకి ఆ ఏడు రోజుల కవర్ కూడా లేదు.

కాబట్టి బాండుతో పాటు విడిగా బర్గ్‌లరీ కవర్ ఏమైనా తీసుకున్నారేమో చూడండి, కొందరు బ్యాంకువాళ్లు ప్యాకేజీలో కలిపి అంటగడతారు. ఒకవేళ ఉంటే మీ గొళ్లెమే మీకు ఆధారం. బర్గ్‌లరీ అంటే బలవంతంగా చొరబడ్డ ఆనవాలు ఉండాలి, తలుపు పగలాలి, తాళం విరగాలి. ఈ సంగతి 2004లో సుప్రీంకోర్టు కూడా తేల్చి చెప్పింది, పాలసీలో ఆ షరతు ఉంటే ఉత్త దొంగతనం సరిపోదని. తాళంచెవి గుమ్మం మీద పెట్టి వెళ్లే మన ఊళ్ల అలవాటు ఇక్కడ దెబ్బ కొడుతుంది, ఎవరో నింపాదిగా తీసుకుని లోపలికి వెళ్లి తిరిగి అక్కడే పెడితే పగిలిందేదీ లేదు, క్లెయిమూ లేదు. మీ గొళ్లెం ఊడి ఉంది కాబట్టి ఫొటోలు తీయించండి, కొత్తది బిగించేముందు. ఈ కవర్లలో కూడా ఇల్లు ఇన్నాళ్లు ఖాళీగా ఉండకూడదన్న షరతు సాధారణంగా ఉంటుంది, ఎన్ని రోజులన్నది కంపెనీని బట్టి మారుతుంది.

కవర్ ఉన్నా లేకున్నా పోలీసు ఫిర్యాదు మాత్రం ఇవ్వండి. బెంగళూరు నుంచి వచ్చేదాకా ఆగక్కర్లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం ఫిర్యాదు ఆన్‌లైన్లో కూడా పంపొచ్చు, కాని మూడు రోజుల్లో స్టేషనుకి వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇస్తారు. నీళ్ల క్లెయిములో కూడా ఆ కాగితం పనికొస్తుంది, ఎందుకంటే సర్వేయర్ వచ్చి ఊడిన తలుపు చూసి, మీరు దొంగతనం మాట ఎత్తకపోతే "ఇదేమిటి, దాస్తున్నారా" అనుకుంటాడు. గంగాళం మీ అమ్మగారి సారెలోది అయి ఉంటుంది, అలాంటివే అటకెక్కుతాయి. దాని విలువ ఏ బీమాలోనూ రాదు, వచ్చినా తూకం లెక్కన ఇత్తడి ధరే. ఈసారి మిగిలిన ఇత్తడి, కంచు సామాన్లేమైనా ఉంటే చిన్నాన్నగారింట్లో పెట్టేయండి. బంగారం, డబ్బు సంగతి చెప్పనే అక్కర్లేదు: నోట్లు, దస్తావేజులు ఈ పాలసీలో రావు, నగలకి విడిగా కవర్ తీసుకోవాలి.

మూడోది పెంకుటిల్లు. కోతులు పెంకులు పీకడం గురించి మీరు నవ్వుకుంటూ రాసి ఉండొచ్చు గాని, నాకు వచ్చే ప్రశ్నల్లో తుపాను తర్వాత ఎక్కువ ఇదే. పాత పాలసీలో "జంతువు నేరుగా తాకడం వల్ల" అన్న మాట విస్పష్టంగా ఉండేది, కొత్తదాంట్లో బయటి వస్తువేదైనా వచ్చి తగలడం వల్ల జరిగే నష్టం అని వెడల్పుగా ఉంది. కోతి పీకిన పెంకు దీని కిందికి వస్తుందని ఎవరైనా వాదించొచ్చు, నేనైతే పందెం కాయను. పెంకులు జరగడం, ఏటా నేయించుకోవడం పెంకుటింటి నిర్వహణలో భాగం. ఆ సందుల్లోంచి మామూలు వాన కురిసి వాసాలు నానడం అయితే అసలే రాదు, పాలసీలో ఉన్నది తుపాను, వరద, ముంపు గాని వాన కాదు. పైగా అసలు ప్రశ్న వేరే ఉంది: బ్యాంకు బీమా చేయించింది కొత్త శ్లాబు ఇంటికే అయి ఉంటుంది. ఒకే ఆవరణలో ఉన్న పనిపాకలు, ప్రహరీ, గేటు, ట్యాంకు లాంటివి ఇంటి కిందికే వస్తాయి గాని, వెనక ఉన్న వేరే ఇల్లు పాలసీ కోసం ఇచ్చిన దరఖాస్తులో రాయకపోతే అది ఉన్నట్టే కంపెనీకి తెలియదు. కాబట్టి దీని మీద శక్తి పెట్టకండి. ఒరిగిన గోడకి ఆసరా పెట్టించి, దానికింద పిల్లలు ఆడకుండా చూడండి. రేపు అది పక్కింటివాళ్ల మీద పడితే మీకు ఇంతకంటే పెద్ద తలనొప్పి.

బావగారి ఏనుగు సంగతి. ఏనుగు గోడని తోసి కూల్చడం తగలడమే, ఢీకొట్టడమే, దానికి క్లెయిము అడిగే హక్కు ఉందనే నా అభిప్రాయం. కాని ఆయన పాలసీ తీసుకునేముందే కంపెనీకి మెయిలు పెట్టి "అడవి ఏనుగు వల్ల గోడ కూలితే వర్తిస్తుందా" అని అడిగి రాతలో జవాబు తెప్పించుకుంటే గొడవే ఉండదు. ఏనుగు వచ్చిన రోజునే అటవీశాఖవాళ్లకి చెప్పి పంచనామా చేయించమనండి. ప్రభుత్వ పరిహారానికీ, బీమాకీ రెండిటికీ అదే కాగితం. ఉద్దానంలో ఎలుగుబంట్లు తలుపులు విరగ్గొట్టినా ఇదే దారి. ఇక వంశధార, నాగావళి ఒడ్డున ఇళ్లున్నవాళ్లు ఇది చదువుతుంటే ఒక్క మాట: ఏరు ఒడ్డు కోసుకుపోయి, సముద్రం తీరం కోసుకుపోయి ఇల్లు కూలితే అది ఈ పాలసీలో మినహాయింపు. వరద నీళ్లు ఇంట్లోకి వస్తే ఉంది, ఒడ్డు విరిగితే లేదు. అన్యాయంగా కనిపిస్తుంది, కాని బాండులో అలాగే ఉంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది. నాన్నగారి పేరు మీదున్న పాలసీ ఆయన పోయాక ఏమైందని మీరు అడగలేదు, నేనే చెబుతున్నాను, ఇదీ కంపెనీ పట్టుకునే పాయింటే. ఆస్తి అమ్మితే పాలసీ పోతుంది గాని, చట్టప్రకారం వారసులకి వస్తే ఆ కారణంతో పోదు. కాని వారసులమని చూపించాలి. మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసి పెట్టుకోండి, క్లెయిము అమ్మగారు, మీరు, తోబుట్టువులు ఉంటే వాళ్లూ కలిసి వేయండి. లోను ఇంకా నడుస్తుంటే పాలసీలో బ్యాంకు పేరు కూడా ఉంటుంది, డబ్బు ముందు బ్యాంకుకి వెళ్లే ఏర్పాటు ఉంటుంది. అందుకే మీరు బ్యాంకుకి కూడా ఒక ఉత్తరం ఇవ్వాలి.

కంపెనీకి ఇవాళే మెయిలు పెట్టండి. ఏజెంటుకి చెప్పాం కదా అనుకోకండి. పాలసీ నంబరు, మొదట ఎప్పుడు గమనించారు, ఏం జరిగింది, అంతే, నాలుగు వాక్యాలు చాలు. క్లెయిము ఫారం ఇవ్వాల్సిన 30 రోజుల గడువు మీరు మొదట నష్టం చూసిన రోజు నుంచి లెక్క. ఖాళీ ఇంటికి ఇది కొంత వెసులుబాటు. కొంచెం దాటిపోయి ఉన్నా ఆగకండి, ఎందుకు ఆలస్యమైందో నిజం రాయండి. న్యాయమైన కారణం ఉన్నప్పుడు ఆలస్యం ఒక్కటే చూపి క్లెయిము కొట్టేయకూడదని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది, అంతకుముందే 2011లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కంపెనీలకి అదే మాట రాసింది.

మెయిల్లో ఇల్లు సంక్రాంతి నుంచి తాళం వేసి ఉందని దాచకండి. దాచి దొరికితే మోసం కింద వెళ్లిపోతుంది, చెప్పి కాదనిపించుకుంటే పోరాడటానికి చోటు మిగులుతుంది. మీరు అడగాల్సిన ప్రశ్న కూడా ఒకటుంది: "ఇంట్లో మనిషి ఉండి ఉంటే ఫ్లోటు విరిగేది కాదా?" విరిగేదే. మనిషి ఉంటే ఆ సాయంత్రమే కట్టేసేవాడు, నష్టం తగ్గేది, నిజమే. అందుకని మొత్తం కొట్టేయకుండా కొంత తగ్గించి ఇవ్వమని అడిగే దారి ఉంది, నేను చూసిన కేసుల్లో ఇలా మధ్యే మార్గంగా తేలినవి ఉన్నాయి. కంపెనీకి ఆ మాట తట్టేది మీరు రాస్తేనే.

కాదన్నారనుకోండి. ముందు ఆ కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి, నెల రోజులు చూడండి. జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాదులో ఉన్న బీమా అంబుడ్స్‌మన్, అంటే బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి, దగ్గరికి వెళ్లొచ్చు, రెండు తెలుగు రాష్ట్రాలకీ అదే కార్యాలయం. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా తీర్పు ఇవ్వగలరు. కంపెనీ కాదన్న రోజు నుంచి ఏడాదిలోపు వేయాలి. బీమా భరోసా పోర్టల్‌లో గాని, 155255కి ఫోన్ చేసి గాని ఐఆర్‌డీఏఐకి కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. శ్రీకాకుళంలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, దానికి రెండేళ్ల గడువు. నా సలహా అడిగితే ముందు అంబుడ్స్‌మన్, కమిషన్‌లో వాయిదాలకి బెంగళూరు నుంచి తిరగలేరు మీరు.

ఇక ముందుకి ఎలా అంటారా. ఇల్లు ఇంకో రెండు మూడేళ్లు తాళమే అనుకుంటే, ఆ సంగతి రాసి ఎండార్స్‌మెంటు అడగండి. కొంచెం అదనపు ప్రీమియం అడిగినా కట్టేయండి. వీధి కుళాయి నుంచి ఇంట్లోకి వచ్చే చోట గేటు వాల్వు కట్టేయించండి, మెయిన్ స్విచ్ దించేయండి, సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి. మన పోలీసులకి తాళం వేసిన ఇళ్ల కోసం ఎల్‌హెచ్ఎంఎస్ అని ఒక ఏర్పాటు ఉంది, యాప్‌లో నమోదు చేసుకుని ఊరెళ్తున్నామని చెబితే ఇంట్లో కెమెరా పెట్టి చూస్తారు, డబ్బు తీసుకోరు. అది పండగలకో పెళ్లిళ్లకో ఊరెళ్లేవాళ్లకి బాగుంటుంది, మీలా ఏడాదంతా ఉండనివాళ్లకి చిన్నాన్నే మేలు. నెలకి రెండుసార్లు తలుపు తీసి గదికో ఫొటో తీసి వాట్సాప్‌లో మీకు పంపమనండి. ఆ ఫొటో మీద తేదీ ఉంటుంది, నేను ఇందాకట్నుంచి తేదీ తేదీ అంటున్నది దానికోసమే. వీలైతే ముందు గదిలో ఎవరినైనా అద్దెకి పెట్టండి, తక్కువకైనా సరే. అద్దెకిచ్చారని కూడా కంపెనీకి చెప్పాలి, అది మర్చిపోకండి. మనలో చాలామంది అమ్మానాన్నల ఇల్లు అద్దెకివ్వడం నామోషీ అనుకుంటారు, పాచి పట్టిన గోడలు చూస్తే ఆ నామోషీ దిగిపోతుంది.

తుపాను వచ్చి ఇల్లు దెబ్బతింటే ప్రభుత్వం ఇస్తుంది కదా అని కొందరు బీమా వదిలేస్తారు. మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి విపత్తు సాయం లక్షా 20 వేలు, కొంత దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500. మీ ఇంటి స్విచ్చు బోర్డులకి కూడా చాలదు అది.

ఇంకొక్కటి. సర్వేయర్ వచ్చేదాకా కుళాయి కట్టేయడం, నీళ్లు తోడేయడం, తలుపుకి తాత్కాలికంగా గొళ్లెం బిగించడం, ఇంతవరకు చేయొచ్చు, చేయాలి కూడా, నష్టం పెరగకుండా చూడటం మీ బాధ్యతే. గోడలకి రంగులు, కొత్త వైరింగు మాత్రం ఇప్పుడే మొదలుపెట్టకండి. ఉబ్బిపోయిన ఆ టేకు మంచం, పరుపులు ఎవరికో ఇచ్చేయడమో, కాల్చేయడమో చేసేలోపు చిన్నాన్నకి ఫోన్ చేసి, వాటిని వసారాలోనే ఉంచమని చెప్పండి.